దూడ పలుపు

యడ్లవారిపాలెం,
ఏప్రిల్ 5, 2001.

చిరంజీవి శ్రీరమ్యకు మీ తాత బాపయ్య నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం అన్నాక ఈ ముక్క ముందు రాయాలి గనక రాశాను. మీ నానమ్మ క్షేమం, గేదె క్షేమం, దాని దూడ మా అందరికన్నా క్షేమం. మీ నాన్న కల్లంలో మిరపకాయలు ఎండబెట్టీ ఎండబెట్టీ తనే ఒక ఎండుమిరపకాయ అయ్యాడు, అయినా క్షేమమే. మీ అమ్మ సంగతి మాత్రం ఈ వరసలో రాయను. దానికి కింద వేరే చోటు పెట్టుకున్నా. ఇప్పుడే కిందికి దూకమాక. వరసగా చదువు.

నీ ఉత్తరం మొన్న చేరింది. పోస్టుమేను అరుగు మీద నా చేతిలోనే పెట్టాడు. అది మీ అమ్మ చేతిలో పడి ఉంటే కొంప మునిగేది. ఎందుకో చెప్తా. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

పరీక్షలు బాగా రాశానన్నావు, ఒక్క ఫిజిక్సు తప్ప అన్నావు. ఇంటర్ మొత్తం రాసినదానివి ఒక్కదానికి భయపడతావేమే. సంక్రాంతికి కూడా ఇంటికి వదలనివాళ్ళు ఇప్పుడు ఎంసెట్ దాకా మిమ్మల్ని తాడేపల్లి హాస్టల్లోనే కట్టేశారనీ, సాంబార్లో ముక్క కనపడితే పండగ చేసుకుంటున్నారనీ రాశావు. ముక్క కనపడలేదంటే సాంబారు చిక్కగా ఉందని అర్థం, సంతోషించు. దూడకి పేరు పెట్టారా అన్నావు. మీ నానమ్మ పేరు పెడదామన్నా. వెంకటేశ్వరమ్మా అని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు, ఒక్క కేకతో రెండు పనులు అయిపోతాయి అన్నా. రెండు పూటలు నాకు చారు పొయ్యలేదు. అందుకని దూడకి ఇంకా పేరు లేదు.

ఇక నీ ఉత్తరంలో అడుగున చిన్న అక్షరాలతో రాసిన సంగతి. "తాతయ్యా, అమ్మకి నా మీద కోపమా? రెండుసార్లు హాస్టలుకి వచ్చింది, రెండుసార్లూ నాకు జడ వెయ్యలేదు. నూనె సీసా నా ఒళ్ళో పెట్టి, పెద్దదానివయ్యావు నువ్వే వేసుకో అంది. అన్నం కలిపి పెట్టలేదు, ఒక్కపొద్దంది. ఉత్తరాలు కూడా నాన్నే రాస్తున్నాడు. మార్కులు తగ్గాయని అమ్మ నన్ను ఇట్టా దూరం పెడితే, ఎంసెట్ అయ్యాక నేను ఇంటికి రాను" అని రాశావు.

అరుగు మీద కూర్చుని అది చదివా. మళ్ళీ చదివా. నేను ఎవరినైనా ఏడిపిస్తాను గానీ ఎవరూ నన్ను ఏడిపించలేరని ఊళ్ళో పేరుంది. ఆ పేరు మొన్నటితో పోయింది.

ఒసేయ్ పిచ్చిపిల్లా, మీ అమ్మ నీకు జడ వెయ్యలేదు కాదు. వెయ్యలేకపోయింది. ఆమె కుడిచెయ్యి లేవట్లేదు. మోచేతి దాకా బాగానే ఉంటుంది, మణికట్టు దగ్గర మటుకు ఎండకి వాడిన మొక్క తల వాల్చినట్టు కిందికి వేలాడిపోతుంది. పట్టుకుని పైకి లేపితే లేస్తుంది, వదిలితే మళ్ళీ వాలుతుంది. అది నీకు కనపడకూడదని రెండుసార్లూ పమిట కొంగులో దాచుకుని కూర్చుంది. ఒక్కపొద్దు అన్నది కూడా అబద్ధమే. తిరుగు బస్సు ఎక్కబోతూ బస్టాండులో ఇడ్లీలు తింది, ఎడమచేత్తో. తింటూ కళ్ళు తుడుచుకుంది, అదీ ఎడమచేత్తోనే. పచ్చడి కారం అంది. తోడొచ్చి బస్టాండులోనే ఆగిపోయా గనక ఆ పచ్చడి నేనూ తిన్నా. అందులో కారమే లేదు.

పిల్లకి ఎంసెట్ అయ్యేదాకా చెప్పకూడదని మా అందరిచేతా ఒట్టు వేయించింది. నీ ఉత్తరం చదివాక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టా. ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆమెకి తెలీదు. తెలిస్తే నాకు మళ్ళీ చారు ఉండదు.

ఎట్టా జరిగిందో చెప్తా విను. కార్తీకంలో పత్తి రెండో తీత. ఈ ఏడు అందరి చేలూ ఒక్కసారే పగిలాయి, కూలీలు దొరక్క మీ అమ్మ కూడా నడుముకి ఒడి కట్టుకుని దిగింది. నేను గట్టున దూడని పట్టుకుని మేపుతూ, మన పాలేరు మరియదాసుని ఏడిపిస్తూ కూర్చున్నా. అంతలో మీ అమ్మ కేక. అడుగు కొమ్మల్లో కాయ కోసం చెయ్యి పెడితే ఏదో పట్టుకుంది. నేను పోయేసరికి సాళ్ళ మధ్య నుంచి పొడుగ్గా జారిపోతోంది.

"నాగుపాము!" అని అరిచా.

"జెర్రిపోతులా ఉంది మావయ్యా. పడగ ఎత్తలా" అంది మీ అమ్మ.

"భయంలో నీకేం కనపడుద్దే? నేను చూశాగా, నాగుపామే" అన్నా.

నేను చూసింది తోక. తోకకి పడగ ఉండదుగా పిల్లా.

విషం పైకి ఎక్కకుండా కట్టు కట్టాలన్నా. కట్టింది నేనే. ఎవరో కట్టారని రాయొచ్చు, రాయను. దూడ మెడలోంచి పలుపు లాగా. మీ అమ్మ జబ్బ చుట్టూ చుట్లు తిప్పా. ఆ తాటిలో పత్తికట్టె దూర్చి మెలి తిప్పా. బండి మీద పత్తి కుక్కిన బోరెలు కదలకుండా మోకులో కర్ర పెట్టి బిగిస్తామే, అట్టా. నేను బిగించిన బండి గుంటూరు దాకా పోయినా ఒక్క బోరె జారదని నీకు చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ బిగింపే మీ అమ్మ చేతికి వేశా.

మొహిద్దీన్ బాషా ఆటోలో సత్తెనపల్లి బయలుదేరాం. మధ్యలో పత్తి మిల్లు దగ్గర ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి. అందరి పత్తీ ఒక్కసారే వచ్చిందన్నానుగా. బాషా హారను మీద చెయ్యి తియ్యలేదు. "పాము కరిచిన మనిషి ఉందయ్యా, జరగండి!" అని గొంతు పోయేటట్టు అరిచాడు. ట్రాక్టరు జరపాలన్నా ముందు ట్రాక్టరు జరగాలిగా. అక్కడ చాలాసేపు ఆగిపోయాం. అప్పుడు మీ అమ్మ నాతో ఒక మాట అంది. అది తర్వాత రాస్తా. ఇక్కడ రాయాలంటే చెయ్యి ఆడట్లేదు.

ఆస్పత్రిలో కట్టు విప్పేసరికి కట్టు కింద చెయ్యి వంకాయ రంగుకి వచ్చింది. డాక్టరు పంటి గాట్లు చూసి, ఇది విషప్పాము కాటు కాదు అన్నాడు. ఎందుకన్నా మంచిదని ఆ రాత్రి ఉంచుకుని పొద్దున పంపించారు. ఊళ్ళోకి వస్తే నాకు ఎదురు సన్నాహం. బాపయ్య కోడల్ని బతికించాడు అని ఒకటే పొగడ్త. పాము విషంది కాదని నేను ఎవరికీ చెప్పలేదు. మీసం దువ్వుకుంటూ తిరిగా. ఇంట్లో మీ అమ్మ ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, కదలవేమే కదలవేమే అని దాన్ని అడుగుతూ కూర్చుందని మీ నానమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.

తిమ్మిరి, పోతుందిలే అనుకున్నాం. గుంటూరులో నరాల డాక్టరుకి చూపించమని సత్తెనపల్లిలో చెప్పే పంపారు. పత్తి తీత అయ్యాక పోదామంది మీ అమ్మ. తర్వాత మిరప కోత అయ్యాక అంది. నిజంగానే గుప్పిట పట్టడం మెల్లమెల్లగా వచ్చింది, చెంబు పట్టుకోవడం వచ్చింది. చెయ్యి ఎత్తడం మటుకు రాలేదు. బొటనవేలి వెనక చర్మం కూడా మొద్దుబారి ఉండిపోయింది. మీ నానమ్మ ఎక్కడినుంచో తాయెత్తు కట్టించుకొచ్చింది. ఎర్రదారంతో చేతికి కట్టబోతే మీ అమ్మ నవ్వుతూ చెయ్యి వెనక్కి లాక్కుని, "మళ్ళీ తాడా అత్తయ్యా?" అంది. అందరూ నవ్వారు. నేను దూడకి నీళ్ళు పెట్టాలని లేచి పోయా. దానికి అప్పుడే పెట్టా.

మమ్మల్ని గుంటూరు తోలింది కరీమున్. తొడిమలు తీయడానికి వస్తుందే, నీకు చిన్నప్పుడు తాలుకాయలతో బొమ్మలు చేసి ఇచ్చేది, ఆ కరీమున్. మాఘమాసంలో కల్లంలో ఆడవాళ్ళందరూ తొడిమలు తీస్తున్నారు. మీ అమ్మ ఎడమచేత్తో తుంచుతోంది, కుడిచేతిని కాయలకి ఒత్తుగా పెట్టింది. ముందురోజు పెనం అంచు తగిలి బొటనవేలి వెనక చర్మం ఊడిపోయింది, కాలినట్టు కూడా ఆమెకి తెలీలేదు. ఆ పచ్చిపుండు నిండా కారం. కరీమున్ చూసి చేతిలో కాయలు వదిలేసింది.

"దుర్గక్కా, పుండు మీద కారం పడిందక్కా! మంట లేదా నీకు?"

మీ అమ్మ చెయ్యి తిప్పి చూసుకుంది. "లేదు కరీమున్" అంది. అంతే. కల్లంలో తొడిమలు తుంచే చేతులన్నీ ఆగిపోయాయి. మిరపకాయల ఊరు మనది. సాయంత్రం అయితే చేతులు మజ్జిగలో ముంచుకుని హుష్షు హుష్షుమనే ఆడవాళ్ళు వాళ్ళు. పచ్చిపుండు మీద కారం పడి మంట పుట్టకపోతే ఏమిటో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మర్నాడే మీ నాన్న బస్సెక్కించాడు. నేనూ ఎక్కా. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు.

గుంటూరు డాక్టరు కుర్రాడు. ముందు అడిగిందే, "కట్టు ఎవరు కట్టారమ్మా ఇంత గట్టిగా?" అని. మీ అమ్మ నా వైపు చూడకుండా, "ఆ కంగారులో ఎవరో కట్టారండి, గుర్తులేదు" అంది. మీ నాన్న నా వైపు చూశాడు. అప్పటినుంచీ మీ నాన్న నాతో మాట్లాడతాడు పిల్లా. ఎద్దుతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. నాన్నా జరుగు, నాన్నా తిను, నాన్నా పడుకో.

డాక్టరు ఏవో కరెంటు తీగలు పెట్టి చూశాడు. నరం తెగలేదు, కట్టు బిగిసిన చోట లోపల నలిగిపోయింది అన్నాడు. అక్కణ్ణుంచి మళ్ళీ పెరుగుతూ కిందికి రావాలట. రోజుకి ఎంత పెరుగుద్దండీ అంటే గోరు పెరిగినంత మెల్లగా అన్నాడు. ఇది మన మేజరు కాలవ సంగతే అనుకున్నా. పైన తూము ఎత్తారని కబురు వస్తుంది, చివరి చేలవాళ్ళం గట్టున కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాం. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసే ఉపాయం కూడా చెప్పాడు. జబ్బ నుంచి కిందికి వేలితో తట్టుకుంటూ రావాలి. ఒకచోట తడితే చేతిలోకి ఝిల్లుమంటుంది. అక్కడిదాకా నరం వచ్చినట్టు. నువ్వు చదివేది ఇట్టాంటివే గదా, అది నిజమో కాదో నాకు రాయి.

చెయ్యి వాలకుండా అరచేతి కింద ఒక పట్టీ ఇచ్చాడు. కీళ్ళు బిగుసుకుపోకుండా రెండో చేత్తో వేళ్ళు చాపుతూ ఉండాలన్నాడు. నిప్పుతో, వేడితో, కత్తితో జాగ్రత్త, తెలీకుండా కాలుతుంది, తెలీకుండా తెగుతుంది అన్నాడు. చివర్లో ఇంకొకటి అన్నాడు. చైత్రం సగానికి వచ్చి చూపించండి, అప్పటికి కదలిక గానీ స్పర్శ గానీ కొంచెమైనా రాకపోతే జబ్బ కోసి లోపల నరం చూడాల్సి వస్తుంది. కోసినా మునుపటి చెయ్యి వస్తుందని మాట ఇవ్వలేను. ఇంకా ఆలస్యమైతే నరం వచ్చినా కండ పనిచెయ్యదు, అన్నాడు.

అప్పటినుంచీ మీ అమ్మ పొద్దున లేచి పొయ్యి దగ్గర కూర్చుని జబ్బ మీద తట్టుకుంటుంది. మేము కనపడనట్టు తిరుగుతుంటాం గానీ అందరి చెవులూ అక్కడే. మొదట్లో మోచేతికి పైన ఝిల్లుమనేది. తర్వాత మోచెయ్యి దాటింది. ఆ రోజు మీ నానమ్మ పాయసం వండింది. ఆ తర్వాత ముంజేతి నడుమకి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎన్ని పొద్దులు తట్టినా అక్కడే. మీ అమ్మ చెప్పడం మానేసింది. మేము అడగడం మానేశాం. ఉగాది వచ్చి పోయింది. డాక్టరు చెప్పిన గడువు వచ్చే సోమవారం.

ఇప్పుడు ఆ మాట రాస్తా. మిల్లు దగ్గర ట్రాక్టర్ల మధ్య ఆగిపోయినప్పుడు మీ అమ్మ అన్న మాట.

"మావయ్యా, చెయ్యి నాది కానట్టుంది. కొంచెం వదులు చెయ్యండి."

"వదిలితే విషం గుండెకి ఎక్కుద్ది. ఊరుకో" అన్నా.

కాసేపయ్యాక మళ్ళీ అంది. "మావయ్యా, మీకు దణ్ణం పెడతా, ఒక్క తిప్పు వెనక్కి తిప్పండి."

బాషా కూడా వెనక్కి తిరిగి, "బాబాయ్, అమ్మాయి వేళ్ళు నల్లబడుతున్నాయి" అన్నాడు.

నేను ఏం చేశానో తెలుసా? జారిపోతోందేమోనని ఇంకొక తిప్పు ముందుకి తిప్పా. ఆ తర్వాత మీ అమ్మ నన్ను ఏమీ అడగలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈ సంగతి మీ నాన్నకి తెలీదు. మీ నానమ్మకి తెలీదు. ఇన్ని నెలల్లో మీ అమ్మ నోట రాలేదు. కోపం వచ్చినప్పుడు కూడా రాలేదు. వస్తే బాగుండేది.

నిన్న మిరపకాయలు తొక్కిన టిక్కీలు గుంటూరు యార్డుకి వేస్తున్నారు. ట్రాక్టరు నిండాక మోకు తీసుకుని నేను లేచా. మీ నాన్న నా చేతిలోంచి మోకు తీసుకుని మరియదాసుకి ఇచ్చాడు. "నువ్వు కూర్చో నాన్నా" అన్నాడు. అంతే అన్నాడు. నలభై ఏళ్ళుగా ఈ ఇంటి బండికి మోకు బిగించింది నేను. మరియదాసు నన్ను చూడలేక తల దించుకుని బిగించుకుంటున్నాడు.

నేను గేదెల పాకలోకి పోయా. దూడ మెడలోంచి పలుపు విప్పా. అదే పలుపు. గాదె వెనక కూర్చుని నా ఎడమ జబ్బకి చుట్టుకుని, ఒక కొస పళ్ళతో పట్టుకుని ముడి వేసి, పత్తికట్టె దూర్చి తిప్పా. ఈ వయసులో నీకు ఇదేం పోయేకాలం అంటావేమో. మీ అమ్మ వదులు చెయ్యండి అన్నప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియాలి అనుకున్నా. మరియదాసు మోకు బిగించి ట్రాక్టరు కదిలేదాకా ఉంచుకుందామనుకున్నా. ఆ రోజు మీ అమ్మ ఓర్చుకున్నదాంట్లో అది పావు వంతు కూడా కాదు.

మొదట జబ్బలో దడదడ కొట్టుకుంది. తర్వాత వేళ్ళల్లో చీమలు పాకినట్టు. తర్వాత ఆ చీమలకి పళ్ళు వచ్చాయి. ఆ తర్వాత చల్లబడింది. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది, ఎవరో మనిషి చెయ్యి నా ఒళ్ళో మర్చిపోయి పోయినట్టుంది. అప్పుడు అర్థమైంది. ఆమె అన్న మాట ఇదే. చెయ్యి నాది కానట్టుంది. ట్రాక్టరు ఇంకా కదలలేదు. నేను ఓర్చుకోలేకపోయా. విప్పుదామని కట్టె పట్టుకుంటే అది తాటిలో ఇరుక్కుపోయింది. నా బిగింపు కదా, కదలదు. కుడిచెయ్యి ఒక్కదానికి లొంగలేదు. కేక వేద్దామంటే సిగ్గు. ఏమని కేక వెయ్యను? కోడలికి కట్టిన తాడు నేనూ కట్టుకున్నా, వచ్చి విప్పండి అనా?

నన్ను బతికించింది దూడ. పలుపు లేదుగా, తిన్నగా కల్లంలోకి పోయి మిరపకాయలు నోట కరిచింది. దాన్ని తోలుకుంటూ మీ అమ్మ పాకలోకి వచ్చింది. కాయలు ఎగదోస్తూ వచ్చిందేమో, పట్టీ తీసేసి ఉంది, చేతులు రెండూ మోచేతుల దాకా ఎర్రగా కారం. నన్ను చూసింది. తాడు చూసింది. ఆమె ముఖం చూస్తే ఆ రోజు పాము కరిచినప్పుడు కూడా అంత భయపడలేదు అనిపించింది.

"ఏంది మావయ్యా ఈ పని!"

"ఊరికేనే అమ్మాయ్, చూద్దామని" అన్నా. ఇంకేం దొరకలేదు నోటికి.

ఆమె నా ముందు గొంతుక్కూర్చుంది. ఆ కట్టె తిప్పాలంటే ఒక చెయ్యి తాడు పట్టాలి, ఒక చెయ్యి కట్టె తిప్పాలి. నాకు ఒక చెయ్యే ఉంది. ఆమెకీ ఒక చెయ్యే. ఆమె కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని, కట్టె దగ్గర తాటికీ నా చర్మానికీ మధ్య దూర్చింది, తాడు నన్ను కొయ్యకుండా. ఎడమచేత్తో కట్టె పట్టుకుని వెనక్కి తిప్పింది. ఒక తిప్పు. ఆ తాడు నారతాడు, గరుకు. ఆమె బొటనవేలి వెనక రాసుకుంటూ తిరిగింది.

"స్స్... అబ్బా!" అంది. చెయ్యి లాక్కుంది. "మంట!"

"నాక్కూడానే తల్లీ, తొందరగా తిప్పు" అన్నా.

"మీకు కాదు మావయ్యా. నాకు. ఇక్కడ."

బొటనవేలి వెనక చూపించింది. పెనం కాలి మానిన మచ్చ, దాని పక్కన తాడు గీరిన ఎర్రటి గీత, గీత నిండా కారం. ఆమె ఎడమచేతి కారం తీసి దాని మీద ఇంకొంచెం రాసుకుంది. రాసుకుని స్స్ అంది. మళ్ళీ రాసుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. నా జబ్బకి తాడు సగం బిగిసే ఉంది. అది ఇద్దరం మర్చిపోయాం.

మీ నానమ్మ వచ్చి చూసింది. "ఏమయ్యో, ఇద్దరూ పాకలో కూర్చుని ఈ ఏడుపేంది, దూడ పోయిందా?" అంది. సంగతి తెలిసి మజ్జిగ కోసం లోపలికి పరుగెత్తింది, ముంతతో వచ్చింది. మీ అమ్మ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"వద్దు అత్తయ్యా. మండనివ్వండి. కాసేపు మండనివ్వండి."

తర్వాత నా తాడు విప్పింది. నా జబ్బ మీద పడ్డ గాడి చూసి, దాన్ని ఒకసారి వేలితో తడిమింది. పలుపు నా చేతిలో పెట్టి, "దూడని కట్టెయ్యండి మావయ్యా, మళ్ళీ కల్లంలోకి పోద్ది" అంది. కట్టేశా. వదులుగా కట్టా.

సోమవారం గుంటూరు పోతున్నాం. డాక్టరు ఏమంటాడో నాకు తెలీదు. మంట వచ్చిందని చెప్పి చెయ్యి బాగైపోయిందని రాస్తే నిన్ను మోసం చేసినట్టు. చెయ్యి ఇంకా లేవలేదు. ఈ పొద్దున కూడా అట్టాగే వేలాడింది. చివరి చేలో మట్టి తడిసింది, వెనక నీళ్ళు వస్తున్నాయో లేదో ఇంకా చూడాలి. ఈసారి నేను బస్సెక్కుతుంటే మీ నాన్న ఏమన్నా సరే, కట్టు కట్టింది నేనేనని, వదులు చెయ్యమంటే చెయ్యలేదని డాక్టరు ముందు నా నోటితో నేనే చెప్తా. మీ నాన్న విననీ.

నీకు ఒక పని. ఈ ఉత్తరం సంగతి బయటపెట్టకుండా మీ అమ్మకి ఒక ఉత్తరం రాయి. నాకు కాదు, మీ అమ్మకి. కోపమా అని అడగమాక. జుట్టు చిక్కులు పడిపోయింది, ఇక్కడ ఎవరికీ తీయడం రావట్లేదు, నేను వచ్చాక నువ్వే తీయాలి అని రాయి. ఎంసెట్ అయ్యి ఇంటికి వచ్చాక జడ విప్పుకుని ఆమె ముందు పీట వేసుకుని కూర్చో. వెనక్కి తిరిగి చూడమాక. ఎంతసేపు పట్టినా లేవమాక. ఆ జడ వంకర పోతే పోనీ, సగంలో ఊడితే ఊడనీ, దాన్ని మళ్ళీ సర్దుకోకుండా ఊరంతా తిరుగు. ఎవరన్నా చూసి నవ్వితే, మా తాత వేశాడని చెప్పు.

ఇట్లు,
ఒట్టు తప్పిన
మీ తాతయ్య,
బాపయ్య